క్రూజర్ నుంచి స్పోర్ట్ టూరర్‌కి: పాత బండి ఎంపికపై ఒక సమీక్ష

క్రూజర్ మీద దూరాలు తిరిగే అలవాటున్నవాళ్లకి కొన్నేళ్లకి ఒక ఇబ్బంది మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద హాయిగా సాగిన బండే, విశాఖ దాటి అనంతగిరి మీదుగా అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మొరాయించినట్టు అనిపిస్తుంది. మలుపులో కాస్త వంచగానే ఫుట్‌రెస్టు రోడ్డుకి గీసుకుంటుంది. గుంత ఎదురైతే లేచి నిలబడే వీలుండదు. కాళ్లు ముందుకు చాచి ఉంటాయి కాబట్టి దెబ్బంతా నడుముకే తగులుతుంది. వంద దాటి నడిపితే గాలి ఛాతీకి కొట్టి భుజాలు లాగేస్తాయి. బండి మీద ఇష్టం పోదు గానీ, ఇంకో రకం బండి మీదకు చూపు పోవడం అప్పుడే మొదలవుతుంది.

అలా చూసేవాళ్లలో ఎక్కువమంది చివరికి స్పోర్ట్ టూరర్ల దగ్గర ఆగుతారు. కొత్తది కొనాలంటే ధర భయపెడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన మోటార్‌సైకిళ్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. అదే రోజు 350 సీసీ లోపు బళ్ల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. అంటే చిన్న క్రూజర్‌కీ పెద్ద టూరర్‌కీ మధ్య దూరం ఇంకా పెరిగింది. దాంతో సెకండ్ హ్యాండ్ బండే చాలామందికి మిగిలిన దారి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఎంపికలో హార్స్ పవర్ గురించి అవసరానికి మించి మాట్లాడతారు. నిజానికి తేల్చుకోవాల్సినవి రెండు. ఆ బండి మీద నాలుగు గంటలు కూర్చున్నాక ఒళ్లు ఎలా ఉంటుందన్నది ఒకటి. దాన్ని విప్పి బిగించగల మెకానిక్కు, దానికి కావాల్సిన విడిభాగం మన ఊరికి ఎంత దూరంలో ఉన్నాయన్నది రెండోది. మిగతావన్నీ వీటి తర్వాతే.

అసలు ఈ తరగతి ఎలా పుట్టిందో కొంచెం చూస్తే ఎంపిక సులువవుతుంది. 1976లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్100ఆర్‌ఎస్‌ని దీనికి మొదటి బండిగా చెప్పుకోవడం రివాజు. ఇటలీలో పినిన్‌ఫరీనా సంస్థ గాలి సొరంగంలో పరీక్షించి తీర్చిదిద్దిన పూర్తి ఫెయిరింగ్‌తో అది ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. గాలీ వానా నేరుగా ఒంటిమీద పడకుండా గంటల తరబడి వేగంగా వెళ్లడం దాని ఉద్దేశం. తర్వాత జపాన్ కంపెనీలు అందుకున్నాయి. 1984లో యమహా ఎఫ్‌జే1100, 1986లో కవాసాకీ కాన్‌కోర్స్, 1990లో 28 లీటర్ల ట్యాంకుతో హోండా ఎస్‌టీ1100, 2001లో యూరప్‌లో యమహా ఎఫ్‌జేఆర్1300 వచ్చాయి. వీటిలో కాన్‌కోర్స్ కథ పాత బండి కొనేవాళ్లు గుర్తుంచుకోదగ్గది. కవాసాకీ దాన్ని కార్బురేటర్లతో సహా పెద్దగా మార్చకుండా 2006 దాకా తయారు చేసింది. రేసు బండి రెండేళ్లకోసారి కొత్త రూపం ఎత్తితే, స్పోర్ట్ టూరర్ పదేళ్లు ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఈ తరగతిలో ఐదారేళ్ల పాత బండి కొన్నవాడు కొత్తది కొన్నవాడి కంటే పెద్దగా నష్టపోయేదేమీ ఉండదు. సూపర్ బైకుల్లో ఈ మాట చెప్పలేం.

ఇక ఒంటి సంగతి. సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టు అనే మూడు చోట్ల మన శరీరం బండికి ఆనుతుంది. క్రూజర్‌లో సీటు కిందికి, ఫుట్‌రెస్టు ముందుకి, హ్యాండిల్ మన వైపుకి ఉంటాయి. బరువంతా పిరుదుల మీద పడుతుంది. స్పోర్ట్ టూరర్‌లో ఫుట్‌రెస్టు సీటు కిందకి, కాస్త వెనక్కి జరుగుతుంది. నడుము కొంచెం ముందుకి వంగుతుంది. బరువు పిరుదులకీ, పాదాలకీ, కొంతవరకు అరచేతులకీ పంచుకుంటుంది. మొదటి వారం మణికట్లు, మెడ నొప్పి పెడతాయి. చాలామంది అక్కడే బండిని తప్పుపడతారు. చేతుల మీద వాలకుండా మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుని, కడుపు కండరాల బలంతో కూర్చోవడం అలవాటైతే ఆ నొప్పి చాలావరకు పోతుంది. అలవాటయ్యాక కూడా పోకపోతే హ్యాండిల్ మీకు దూరమని అర్థం. రైజర్లు వేసి హ్యాండిల్‌ని ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి, వెనక్కి తేవచ్చు. మోకాళ్ల నొప్పికి మాత్రం ఇంత సులువైన మందు లేదు. పొడుగైనవాళ్లు కొనకముందే చూసుకోవాల్సింది హ్యాండిల్ కన్నా ముందు సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య దూరం.

సీటు ఎత్తు గురించి భయం సహజం. బజాజ్ అవెంజర్ సీటు 737 మిల్లీమీటర్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్‌ది 740. రెండు కాళ్లూ నేలకి పూర్తిగా ఆనే ఎత్తు. కవాసాకీ నింజా 650 సీటు 790, నింజా 1000 అంతకన్నా ఎత్తు, వెర్సిస్ 650 ఏకంగా 840 దాటుతుంది. కానీ కాగితం మీది ఈ అంకె ఒక్కదాన్నే చూసి బండిని పక్కన పెట్టకూడదు. 2017 తర్వాతి నింజా 650 నిండు ట్యాంకుతో కూడా 200 కిలోలు దాటదు. సూపర్ మీటియర్ 241 కిలోలు. క్రూజర్‌లో ఆ బరువు కిందికి ఉంటుంది కాబట్టి తెలియదు. నింజా 650లో బరువే తక్కువ. పైగా దాని సీటు ట్యాంకు దగ్గర సన్నగా ఉండి కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. ఒక పాదం పూర్తిగా, రెండోది మునివేళ్ల మీద ఆనినా చాలు. నింజా 1000తో మాత్రం జాగ్రత్త అవసరం. దాని బరువు సూపర్ మీటియర్‌కి దగ్గరగానే ఉంటుంది, కానీ ఆ బరువు ఎత్తులో ఉంటుంది. పెట్రోల్ బంకులో, వాలుగా ఉన్న పార్కింగ్‌లో వెనక్కి నెట్టి చూస్తే తేడా చేతులకే తెలుస్తుంది. కొనే ముందు ఇంజన్ ఆపి బండిని ముందుకీ వెనక్కీ నెట్టి చూడమని నేను అందరికీ చెబుతాను. పొట్టివాళ్లకైతే ఆ పరీక్ష టెస్ట్ రైడ్ కంటే ముఖ్యం.

నడిపే తీరులోనూ కొన్ని మారతాయి. క్రూజర్ పొడుగ్గా ఉండి, మనిషి బరువు వెనక చక్రం వైపు పడటం వల్ల వెనక బ్రేకు బాగా పనిచేస్తుంది. అది తొక్కితే చాలన్న నమ్మకం కాలికి వచ్చేస్తుంది. స్పోర్ట్ టూరర్‌లో గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు బరువు ముందు చక్రం మీదకి దూకుతుంది. వెనక బ్రేకు కేవలం సాయం. ముందు బ్రేకుని ఒక్కసారిగా పిండకుండా, మొదట మెల్లగా పట్టి, బరువు ముందుకి చేరాక ఒత్తిడి పెంచడం ఖాళీ రోడ్డు మీద పదేపదే సాధన చేయాలి. ఏబీఎస్ ఉంటే మేలు. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అంతకుముందు బండి అయితే ఆ నిర్దిష్ట బండికి ఉందో లేదో చూసుకోవాలి. అమ్మేవాళ్ల మాట చాలదు, ముందు చక్రం దగ్గర సెన్సర్ రింగు కనబడాలి, తాళం తిప్పగానే మీటర్‌లో ఏబీఎస్ దీపం వెలిగి బండి కదిలాక ఆరిపోవాలి. నా మట్టుకు, మొదటిసారి క్రూజర్ దిగేవాళ్లు ఏబీఎస్ లేని పెద్ద బండి జోలికి పోకూడదు. పదివేలో ఇరవైవేలో తక్కువకు వస్తుందని ఆశపడే చోటు కాదిది.

మలుపుల్లో ఇంకో తేడా ఉంది. క్రూజర్‌లో ఫుట్‌రెస్టు గీసుకోవడమే హద్దు, అది మనల్ని తొందరగానే హెచ్చరిస్తుంది. స్పోర్ట్ టూరర్ అంత తొందరగా ఏమీ చెప్పదు. ఇంకా ఇంకా వంగుతుంది. ఘాట్‌లో మట్టి, ఆకులు, లారీల నుంచి కారిన డీజిల్ ఉన్న చోట టైరు జారేదాకా హెచ్చరిక ఉండకపోవచ్చు. అందుకే బండి ఎంత వంగగలదన్నది కాక, ముందున్న మలుపు ఎంత దూరం కనబడుతోందన్నదే వేగాన్ని నిర్ణయించాలి. శ్రీశైలం దారిలో నల్లమల ఘాట్‌కైనా, రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్లే దారికైనా ఇదే వర్తిస్తుంది.

ఇంజన్ స్వభావం మరో సంగతి. క్రూజర్ ఇంజన్ కింది ఆర్‌పీఎంలోనే ఊపునిస్తుంది. 3,000 దగ్గర గేరు మార్చేయడం అలవాటు. అదే అలవాటుతో నింజా 650 నడిపితే బండి బలహీనంగా, కంగారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. దాని టార్క్ శిఖరం 6,500 ప్రాంతంలో ఉంటుంది, సూపర్ మీటియర్‌ది 5,650 దగ్గర. నాలుగు సిలిండర్ల నింజా 1000 గరిష్ఠ శక్తి 10,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఇంజన్ అరుస్తోందని భయపడకుండా 5,000 నుంచి 7,000 మధ్య తిరగనివ్వాలి. అది దాని సహజమైన నడక. టెస్ట్ రైడ్‌లో పదిహేను నిమిషాల్లోనే ఇది నచ్చలేదని తేల్చేయడం తొందరపాటు.

ఇప్పుడు మన బజారులో ఏం దొరుకుతాయి? ఇక్కడ చిన్న చరిత్ర ఉంది. 2007లో మన మామిడి పళ్లు అమెరికాలోకి రావడానికీ, హార్లీ డేవిడ్‌సన్ లాంటి పెద్ద మోటార్‌సైకిళ్లు మన దేశంలోకి రావడానికీ రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 2010లో హార్లీ ఇక్కడ అమ్మకాలు మొదలుపెట్టింది, 2014లో హర్యానాలోని బావల్‌లో తయారైన స్ట్రీట్ 750 వచ్చింది. అప్పటిదాకా తెలుగు కుర్రాళ్లకి క్రూజర్ అంటే థండర్‌బర్డ్ లేదా 2005లో మొదలైన అవెంజర్. స్ట్రీట్ 750తో పెద్ద క్రూజర్ మధ్యతరగతి ఉద్యోగి అందుకోగల ధరకి దిగింది. 2020 సెప్టెంబరులో హార్లీ ఇక్కడ సొంత కార్యకలాపాలు ఆపి, తర్వాత హీరోతో చేతులు కలిపింది. ఆ రోజుల్లో స్ట్రీట్ 750 సొంతదారులు పడిన ఆందోళన పాత బండి కొనేవాళ్లందరికీ పాఠం. కంపెనీ దేశంలో ఉంటుందా, విడిభాగాలు వస్తాయా అన్నది బండి ఎంత మంచిదన్నదాని కంటే ముందొచ్చే ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గర నిలిచేవి మన దగ్గర కొన్నే. మధ్యస్థ బరువు బళ్లలో నింజా 650 స్పష్టంగా ముందుంటుంది. రెండు సిలిండర్లు, సుమారు 68 హెచ్‌పీ, నిటారుకి దగ్గరైన కూర్చునే తీరు. అన్నిటికన్నా ముఖ్యం, పదేళ్లకు పైగా ఇక్కడ అమ్ముడవుతున్న బండి కాబట్టి ఇంజన్ తెలిసిన మెకానిక్కులు, వాడిన విడిభాగాలు దొరుకుతాయి. లోపం ట్యాంకు. 15 లీటర్లే, హైదరాబాద్ నుంచి విశాఖ దాకా మధ్యలో రెండుసార్లు ఆగాల్సిందే. 17 లీటర్ల పైన ట్యాంకున్న బండి కావాలనుకునేవాళ్లు వెర్సిస్ 650 చూస్తారు. ఇంజన్ కుటుంబం అదే, ట్యాంకు 21 లీటర్లు, సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువ. సాంకేతికంగా దాన్ని అడ్వెంచర్ తరగతిలో వేస్తారు గానీ, 17 అంగుళాల చక్రాలతో అది తారురోడ్డు బండే. మన జిల్లా రోడ్లకి, ఊళ్ల మధ్య అచ్చు గోడల్లా లేచే స్పీడ్ బ్రేకర్లకి నిజానికి అదే సరైన స్పోర్ట్ టూరర్ అని నేను నమ్ముతాను. నింజా 650 గ్రౌండ్ క్లియరెన్స్ 130 మిల్లీమీటర్లు. ఇద్దరు ఎక్కి, సామాను కట్టుకుని వెళ్తే కింద ఎగ్జాస్టుకి దెబ్బ తగిలే వీలుంది. కాళ్లు అందితే వెర్సిస్, అందకపోతే నింజా. ఈ రెండింటి మధ్య ఎంపిక అంతే.

హోండా సీబీఆర్650ఎఫ్ 2015లో ఇక్కడికి వచ్చింది. నాలుగు సిలిండర్ల మృదుత్వం, హోండా పనితనం దానివి. నడిచిన బండి మంచి స్థితిలో దొరికితే సంతోషంగా కొనవచ్చు. కానీ తక్కువ అమ్ముడైన బండి కాబట్టి ఫెయిరింగ్ ముక్క విరిగితే ఎన్నాళ్లు ఆగాలో కొనకముందే షోరూంలో అడిగి తెలుసుకోవాలి. 2018లో వచ్చిన సుజుకీ వీ-స్ట్రోమ్ 650 వెర్సిస్‌కి దీటుగా నిలుస్తుంది.

నింజా 1000, దాని తర్వాతి రూపం 1000ఎస్‌ఎక్స్ ఈ తరగతికి ఇక్కడ శిఖరం లాంటివి. 142 హెచ్‌పీ, 19 లీటర్ల ట్యాంకు, చేత్తో సర్దుకునే విండ్‌స్క్రీన్, సైడు బాక్సులు తగిలించే ఏర్పాటు. 44వ నంబరు రహదారి మీద కర్నూలు, అనంతపురం దాటుకుంటూ బెంగళూరు వెళ్లాలంటే దీన్ని మించిన బండి లేదు. అయినా క్రూజర్ నుంచి నేరుగా దీని మీదకు వెళ్లమని నేను చెప్పను. థండర్‌బర్డ్ నుంచి వచ్చినవాడికి శక్తి ఏకంగా అనేక రెట్లవుతుంది. రెండో గేరులో థ్రాటిల్ పొరపాటున సగం తిప్పితే తేరుకునే వ్యవధి ఉండదు. ట్రాఫిక్‌లో ఇంజన్ వేడి కాళ్లకి తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య అది భరించడం కష్టం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకి అనుమతి లేదు కాబట్టి నగరంలోంచే బయటపడాలి, ఆ వేడి తప్పదు. హయబూసా మీద మోజున్నవాళ్లకీ ఇదే మాట. అది దూరం వెళ్లగలదు గానీ దాని సీటూ హ్యాండిలూ టూరర్‌వి కావు.

డబ్బు అంత లేనివాళ్ల సంగతి మరిచిపోకూడదు. అవెంజర్ నుంచి దిగేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే. మన దేశానికి సొంత స్పోర్ట్ టూరర్ అని చెప్పదగ్గది 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా. 223 సీసీ, సగం ఫెయిరింగ్, రోజంతా కూర్చోగల సీటు. లద్దాఖ్ దాకా వెళ్లొచ్చినవాళ్లు ఎందరో. ఇప్పుడు బాగున్న కరిజ్మా దొరకడం కష్టం. దాని స్థానంలో నేను 2011లో వచ్చిన హోండా సీబీఆర్250ఆర్‌ని సూచిస్తాను. ఏబీఎస్ ఉన్న రకాన్ని వెతికి పట్టుకోవాలి. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఊపిరి ఆడుతున్నట్టు తాపీగా నడిచే బండి, ఇంధనం పొదుపు, ఏ ఊరి మెకానిక్కయినా చేయి పెట్టగలడు. 2016 చివర్లో మొదలైన డోమినార్ 400 మరో ఎంపిక. 2019లో ఇంజన్ శక్తి 35 నుంచి 40 హెచ్‌పీకి పెరిగింది, ఆ తర్వాతి బళ్లే మేలు. బరువు ఎక్కువన్న ఫిర్యాదు క్రూజర్ నడిపినవాళ్లకి పెద్దగా అనిపించదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ల పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పెద్ద స్పోర్ట్ టూరర్లు వాడిన బళ్లుగా పుష్కలం. 2003 నుంచి అమ్మిన ఎఫ్‌జేఆర్1300, అదే ఏడాది వచ్చిన ఎస్‌టీ1300, 2008లో మొదలైన కాన్‌కోర్స్ 14 మూడూ షాఫ్ట్ డ్రైవ్ బళ్లు. చైనుకి నూనె పూసే పని ఉండదు. హార్లీ బెల్టుకి అలవాటైనవాళ్లకి ఇది పెద్ద ఊరట. కానీ ఎఫ్‌జేఆర్ 300 కిలోలకి దగ్గరగా, మిగతా రెండూ 300 దాటి తూగుతాయి. ఒక్కో బండికి తెలిసిన జబ్బు ఉంది. మొదటి తరం ఎఫ్‌జేఆర్‌లలో కొన్నిటికి వాల్వ్ గైడ్లు అరిగి టిక్ టిక్ శబ్దం వస్తుంది. ఎస్‌టీ1300 కాళ్లకి వేడి కొడుతుంది. బీఎండబ్ల్యూ ఆర్1200ఆర్‌టీ బరువు తక్కువ, నడక అద్భుతం. కాకపోతే వెనక ఫైనల్ డ్రైవ్‌ని, తొలి బళ్లలో బ్రేకులకి సాయం చేసే సర్వో యూనిట్‌ని తెలిసినవాళ్లతో చూపించుకోవాలి. హోండా వీఎఫ్ఆర్ 800లలో రెగ్యులేటర్ రెక్టిఫయర్ పాడవడం బాగా ఎరిగిన సంగతి. ఇంజన్ తిరుగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూస్తే తేలిపోతుంది, 14 వోల్టుల దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. టైటిల్ కాగితం మీద సాల్వేజ్ అన్న ముద్ర ఉంటే ధర ఎంత తగ్గించినా వదిలేయడం మంచిది. అట్లాంటా, షార్లట్ ప్రాంతాల్లో ఉండేవాళ్లకి బ్లూ రిడ్జ్ పార్క్‌వే దగ్గరే. ఈ తరగతి బళ్ల కోసమే వేసినట్టుండే దారి అది.

బండి ఎంచుకున్నాక, ఆ నిర్దిష్ట బండి మంచిదో కాదో చూడటం అసలు పని. ఇక్కడ క్రూజర్ సొంతదారులకి ఒక విషయం తెలియకపోవచ్చు. థండర్‌బర్డ్‌లోని యూసీఈ ఇంజన్‌కీ, చాలా హార్లీలకీ హైడ్రాలిక్ ట్యాపెట్లు. వాల్వుల సందు సర్దే పనే ఉండదు. స్పోర్ట్ టూరర్లలో ఎక్కువ వాటికి సన్నని షిమ్ బిళ్లలు మార్చి సందు సర్దాలి. చాలా కవాసాకీ, హోండా బళ్లలో సుమారు 24,000 కిలోమీటర్ల దగ్గర, ఎఫ్‌జేఆర్‌కి 42,000 దగ్గర ఈ పరీక్ష. ట్యాంకు, ఫెయిరింగ్, వాల్వ్ కవరు విప్పి, సందు తప్పితే క్యామ్‌షాఫ్టు కూడా తీసి చేసే పని కాబట్టి కూలి ఎక్కువ. అందుకే 22,000 కిలోమీటర్లు తిరిగిన బళ్లు బజారులో ఎక్కువగా కనబడతాయి. ఆ ఖర్చు కొనేవాడి మీద పడుతుందని అమ్మేవాడికి తెలుసు. ఆ పని జరిగినట్టు బిల్లు చూపించిన 30,000 కిలోమీటర్ల బండి, చూపించలేని 20,000 కిలోమీటర్ల బండి కంటే మంచిది. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుండాలని కోరుకుంటాను.

తక్కువ తిరిగిందన్న మాట వినగానే మురిసిపోనక్కర్లేదు. ఐదేళ్లలో 4,000 కిలోమీటర్లు తిరిగిన బండి అంటే ఎక్కువకాలం గ్యారేజీలో నిలబడి ఉన్న బండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం తయారీ. ఐదారేళ్లు దాటిన టైరు గాడి లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చాల్సిందే. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. పైనున్న డబ్బాలో చూస్తే తేనె రంగు దాటి నల్లబడిందో లేదో తెలుస్తుంది. ఇప్పుడు మన పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. దానికి తేమని పీల్చే గుణం ఉంది. నిలబడిన బండిలో ట్యాంకు తుప్పు, ఇంజెక్టర్లలో మడ్డి, పాత రబ్బరు పైపుల పగుళ్లు వెతకాలి. టార్చి వేసి ట్యాంకు లోపలికి చూడండి.

ఎప్పుడూ చల్లబడి ఉన్న ఇంజన్‌నే స్టార్ట్ చేసి చూడాలి. వెళ్లేసరికే బండి వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి రావాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ అవ్వడానికి తటపటాయించడం, నీలం పొగ, మొదట్లో వచ్చి ఆగని గొలుసు శబ్దం అప్పుడే బయటపడతాయి. ఫోర్కు గొట్టాల మీద నూనె తడి, బ్రేకు డిస్కు మందం చూడాలి. ఎంతకు అరిగితే మార్చాలో ఆ కనీస కొలత డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కిలోమీటర్ల మీటర్ అబద్ధం చెప్పగలదు. కానీ గ్రిప్పులు, ఫుట్‌రెస్టు రబ్బరు, డిస్కు మూడూ కలిసి అబద్ధం చెప్పవు.

పడిన బండిని ఫెయిరింగ్ ఉన్నచోట పట్టుకోవడం కష్టం. క్రూజర్ పడితే దెబ్బ బయటికే కనబడుతుంది, ఇక్కడ ప్లాస్టిక్ ముక్కలు మారిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. హ్యాండిల్ చివరి బరువులు, లివర్ల కొసలు, ఫుట్‌రెస్టు కింద మేకు, ఇంజన్ పక్క మూతలు ఒకవైపే గీసుకుపోయాయేమో చూడాలి. ఫెయిరింగ్ బోల్టులు వేర్వేరు రకాలైతే అది విప్పి బిగించిన బండే. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, అది ఆగే చోట ఫ్రేము మీద సొట్ట ఉందేమో వేలితో తడమాలి. అక్కడ సొట్ట ఉంటే పెద్ద దెబ్బ తగిలిన బండి, మాట్లాడకుండా వచ్చేయాలి.

కాగితాల విషయంలో మన దగ్గర పొరపాట్లు ఖరీదైనవి. పెద్ద బళ్లు చాలావరకు బెంగళూరు, ముంబై, ఢిల్లీల నుంచి వస్తాయి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, బదిలీకి ఫారం 29, 30 కావాలి. బ్యాంకు రుణం తీరి ఉంటే ఫారం 35తో ఆ పేరు తీయించాలి. ఇక్కడ రిజిస్టర్ చేయించేటప్పుడు లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టినదాన్ని వాపసు తీసుకోవడం వేరే పని, అందరికీ త్వరగా తెమలదు. ఢిల్లీ బండి లక్ష తక్కువకు వస్తోందని సంబరపడే ముందు ఈ పన్ను లెక్కేసుకోవాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిచూసుకోవాలి. పాత దిగుమతి బండి అయితే కస్టమ్స్ కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు.

ధర తెగాక కొంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి. కొత్త టైర్ల జత, చైను స్ప్రాకెట్ సెట్టు, బ్రేకు ఆయిల్, కూలంట్, బ్యాటరీ. పాత బండికి మొదటి నెలలోనే ఇవన్నీ అవసరమవ్వచ్చు. మొత్తం బడ్జెట్‌లో ఆరో వంతు వీటికి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో బండి వెతకడం నేను పాటించే పద్ధతి. టైర్లు మార్చేటప్పుడు మిషెలిన్ రోడ్ శ్రేణి గానీ, పిరెల్లి ఏంజెల్ జీటీ గానీ వేయిస్తే వానలో నమ్మకంగా ఉంటుంది, దూరాలకీ నిలుస్తాయి. రేసు టైర్లు వేసి ఇచ్చిన బండి చూడటానికి బాగుంటుంది గానీ ఘాట్‌లో చల్లటి పొద్దున అవి వేడెక్కకముందే జారతాయి.

చివరగా, చేతిలో ఉన్న క్రూజర్‌ని ఏం చేయాలన్నది. చాలామంది దాన్ని అమ్మి ఆ డబ్బుతోనే కొత్తదానికి అడ్వాన్సు ఇస్తారు. కుదిరితే మూడు నాలుగు నెలలు ఆగమంటాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే ఆ వ్యవధిలో ధర పెద్దగా పడిపోదు. వానకాలం ఒకటి, పొడుగు ప్రయాణం ఒకటి కొత్త బండి మీద గడిచాక, ఆఫీసుకి వెళ్లడానికి ఉదయం ఏ తాళంచెవి చేతికి వస్తోందో చూసుకుని అప్పుడు అమ్మకానికి పెట్టవచ్చు.